పదిహేడు అడ్డం

ఆ రోజుల్లో బెజవాడలో 'దివిటీ' వారపత్రిక కొనేవాళ్ళలో సగంమంది కథల కోసం కొనేవారు కాదు, యుద్ధం వార్తల కోసం అసలే కాదు. చివరి పేజీలో ఉండే అడ్డం నిలువు గళ్ళ కోసం కొనేవారు. గళ్ళ కింద 'అడ్డాల శాస్త్రి' అని సంతకం ఉండేది. ఆ శాస్త్రి ఎవరో ఊళ్ళో ఒక్కడికీ తెలియదు. కాశీలో చదివొచ్చిన పండితుడని కొందరు, పెన్షను పుచ్చుకుంటున్న తాసిల్దారని కొందరు వాదించుకునేవారు. తీరా చూస్తే ఆయన శాస్త్రీ కాదు, కాశీ మొహం ఎరగడు. వన్ టౌనులో ఆ దివిటీ ప్రెస్సులోనే, గుమ్మం పక్క బల్ల దగ్గర, ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో ప్రూఫులు దిద్దుకునే మంగళగిరి నేతగాడు భావనారాయణ.

నలభై రెండులో నూలు కరువొచ్చి మగ్గాలు మూలపడ్డప్పుడు భార్య రాఘవమ్మను వెంటబెట్టుకుని అతను బెజవాడ చేరాడు. పత్రిక యజమాని వెంకటకృష్ణారావు గారు అతని చేతిరాత చూసి ముచ్చటపడి ఉద్యోగమిచ్చారు. గళ్ళ పజిలు పెడదామన్న ఆలోచన మాత్రం భావనారాయణదే. అడ్డమూ నిలువూ అతనికి కొత్తా ఏమన్నానా? ఊహ తెలిసిన దగ్గర్నుంచీ పడుగూ పేకా మధ్య పెరిగినవాడు. నిలువుపోగుకు అడ్డపోగు తగలకపోతే అక్కడ గుడ్డ నిలవదని అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆధారం రాయడంలో అతనికో నీతి ఉంది. చదివేవాణ్ణి ఊరంతా తిప్పవచ్చు, పక్క సందులోకి తోలవచ్చు, కాసేపు ఏడిపించనూ వచ్చు. కాని చివరికి ఒకే గుమ్మం ముందు దింపాలి. జవాబు తెలిశాక మనిషి "ఓరినీ, ఇదా!" అని నెత్తి కొట్టుకోవాలేగాని "ఇదెట్టా అవుతుంది?" అని అడగకూడదు. అందుకే మరుసటి వారం జవాబులతో పాటు ఒక్కొక్క ఆధారానికీ 'దారి' అని విడమరిచి వేసేవాడు. గళ్ళపైన ప్రతి వారం పెట్టెకట్టి ఒకే మాట ఉండేది: 'ఒక ఆధారానికి ఒకే జవాబు.'

ఆ మాటకు పూచీ రాఘవమ్మ. ఆవిడకు చదువు రాదు. సాయంత్రం వసారాలో ఇరుగుపొరుగు నేతగాళ్ళకు కండెలు చుట్టిపెడుతుంటే అతను పక్కన కూర్చుని ఆధారాలు చదివి వినిపించేవాడు. ఆవిడ రాట్నం తిప్పుతూనే ఆలోచించేది. జవాబు చెప్పగలిగితే ఆ ఆధారం అచ్చుకు వెళ్ళేది. చెప్పలేకపోతే అతను దారి చెప్పేవాడు. "అవునే, నాకే తట్టలేదు" అంటే సరే. "అట్టా ఎందుకవుతుందీ?" అంటే మారు మాట్లాడకుండా కొట్టేసేవాడు. రెండేళ్ళలో వందకు పైగా పజిళ్ళు అలాగే వెళ్ళాయి, ఎవరూ వేలెత్తి చూపలేదు.

నలభై నాలుగు వేసవిలో వెంకటకృష్ణారావు గారు అతన్ని తన గదికి పిలిచి కుర్చీ వేశారు. కుర్చీ వేసినప్పుడే భావనారాయణకు అనుమానం వచ్చింది. ఆ గదిలో అతను ఎప్పుడూ నిలబడే మాట్లాడాడు.

"మహాపోటీ పెడుతున్నామండీ," అన్నారాయన. "అయిదు వేలు ప్రైజు. కూపనుకు రూపాయి. మన జిల్లాలో ఎవడూ పెట్టలేదు."

"మంచిదేనండీ."

"మంచిదే. కాని మొన్న దసరా పోటీలో ఏమైంది? నలభై ఒక్కమంది అన్నీ కరెక్టుగా రాశారు, ఒక్కొక్కరికీ పూర్తి ప్రైజు ఇచ్చుకోవలసొచ్చింది. మీ ఆధారాలు అట్టా ఉంటున్నాయి మరి. బుద్ధి పెట్టినవాడల్లా గెలుస్తాడు." ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. చెడ్డవాడేం కాదు. ఇంట్లో అరవైమందికి అన్నం పెట్టిన చెయ్యి. "కాగితం కోటా సగానికి కోశారు. ఈ పోటీ నాలుగు డబ్బులు మిగల్చకపోతే పత్రిక మూసుకోవాలి. మీరూ నేనూ బసవయ్యా ఎటన్నా పోవాలి."

బసవయ్య అంటే అచ్చు మిషన్ తొక్కే మనిషి. భావనారాయణ రాసి తెచ్చిన ఆధారాల కాగితం బల్లమీద ఉంది. ఆయన పెన్సిలు మొన పదిహేడు అడ్డం దగ్గర ఆగింది. మూడు అక్షరాల మాట. అతను రాసిన ఆధారం: 'చెలి పక్కన మిరప మొదలు నాటితే కాసేది స్నేహం.' చెలి పక్కన 'మిరప'లో మొదటి అక్షరం పెడితే చెలిమి. చెలిమంటే స్నేహం. రాఘవమ్మ దాన్ని రాట్నం రెండు చుట్లు తిరిగేలోపు చెప్పేసింది.

"ఇది తీసెయ్యండి," అన్నారాయన. "దీని బదులు ఇది రాయండి." చెప్పి రాయించారు: 'ఇది పోతే మనిషికి ఊరుండీ లేనట్టే.' తరువాత గళ్ళ పటం మీద పెన్సిలుతో ఆ మాట మొదటి గడికి పైనా కిందా ఉన్న రెండు గళ్ళు నల్లగా నింపేశారు. దాంతో పదిహేడు అడ్డంలో మొదటి అక్షరానికి నిలువు ఆధారం లేకుండా పోయింది. మిగిలింది '—లిమి'.

"కలిమీ కావచ్చు, బలిమీ కావచ్చు గదండీ," అన్నాడు భావనారాయణ.

"కావచ్చు."

"మరి జవాబు ఏది?"

వెంకటకృష్ణారావు గారు లేచి కిటికీ దగ్గరకు వెళ్ళారు. కింద వీధిలో తోపుడుబండి వాళ్ళు అరుచుకుంటున్నారు. "మీరు మూడు కవర్లు రాయండి. మూడింట్లో మూడు జవాబులు. లక్క నేను వేస్తాను. ఒకటి అద్దాల బీరువాలో అందరూ చూసేట్టు పెడతాం. మిగతా రెండూ నా దగ్గరుంటాయి. కూపన్లన్నీ వచ్చాక ఏ కవరు బీరువాలో ఉండాలో అప్పుడు చూసుకుందాం."

అర్థం కావడానికి భావనారాయణకు కాసేపు పట్టింది. అర్థమయ్యాక, చెప్పద్దూ, కుర్చీ వేసినందుకు కోపం వచ్చింది. నిలబడి ఉంటే కనీసం వెనక్కి తిరిగి నడిచేవాడు.

ఆ సాయంత్రం అతను కొత్త ఆధారం రాఘవమ్మకు చదివాడు. ఆవిడ రాట్నం ఆపింది. "కలిమి పోతే అంతే. ఒంట్లో బలిమి పోయినా అంతే. చెలిమి చేసేవాళ్ళు లేకపోయినా అంతే. ఏది మరి?"

"ఏదో ఒకటి."

"ఏదో ఒకటంటే ఇంక ఆధారమెందుకండీ? ఉచ్చు పన్ని వదిలినట్టు." ఆవిడ అతని మొహంలోకి చూసింది. "ఇది మీరు రాయలేదు."

"నేనే రాశాను," అన్నాడతను. చేతిరాత తనదే గనక అది అబద్ధం కాదనుకున్నాడు. రాఘవమ్మ మళ్ళీ రాట్నం అందుకోలేదు. ఆ రోజు కండెలు సగంలోనే ఉండిపోయాయి.

మూడు కవర్లూ అతను రాశాడు. రాసి ఇచ్చాడు. మొదట్లోనే వద్దంటే ఏమయ్యేదో తెలియదు, వద్దనలేదు. నూలు లేని మంగళగిరి కళ్ళముందు ఆడింది. లక్క కరిగి బొట్టుబొట్టుగా పడుతుంటే వెంకటకృష్ణారావు గారు వేలి ఉంగరంతో ముద్ర వేస్తూ, మాటల్లో మాటగా, "మూడింట్లోనూ చేతిరాత మీదే గదండీ," అన్నారు నవ్వుతూ. ఆ నవ్వులో ఏముందో భావనారాయణకు తెలుసు. ఎప్పుడైనా గుట్టు రట్టయితే దొంగ ఎవరో ఆ కవర్లే చెబుతాయి.

పోటీ ప్రకటించాక దివిటీ ఆఫీసు తిరనాళ్ళయింది. గుంటూరు నుంచి, గుడివాడ నుంచి జనం కూపన్లు చేత్తో పట్టుకొచ్చి ఇచ్చేవారు. ఇచ్చి అద్దాల బీరువా దగ్గర నిలబడి ఆ కవరు చూసేవారు. ఎర్ర లక్క ముద్రతో అది లోపల తాపీగా పడుకుని ఉండేది. కొందరు దణ్ణం కూడా పెట్టారు. భావనారాయణ బల్ల బీరువాకు ఎదురుగా ఉంది. ప్రూఫు మీదనుంచి తలెత్తితే కవరే కనబడేది. రెండు రోజులు చూసి, మూడో రోజు బల్ల గుమ్మం వైపు తిప్పుకున్నాడు.

అడ్డాల శాస్త్రికి వారం వారం కార్డు రాసేవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. వాళ్ళలో మార్త టీచరుది ప్రత్యేకం. మైలవరం దగ్గర పల్లెలో మిషన్ బడి నడుపుతుంది. ఏ ఆధారం ఏ మలుపులో తనను ఎంతసేపు ఆపిందో, చివరికి గుమ్మం ఎలా కనబడిందో గుండ్రటి అక్షరాలతో రాసేది. ఆ కార్డుల కోసం భావనారాయణ బుధవారాలు ఎదురుచూసేవాడు. తన దారిన ఒక మనిషి నడిచి వస్తోందన్న మాట కన్నా ఆధారాలు రాసేవాడికి ఏం కావాలి?

ఆ వారం కార్డు రాలేదు. మనిషే వచ్చింది.

నలభై ఏళ్ళుంటాయి. తెల్లచీర, చంకకు తగిలించిన గుడ్డసంచి. వెంట అరవై దాటిన ముసలమ్మ ఒకతె, పొలం పనులకు కాయలు కాచిన చేతులు. ముసలమ్మ గుమ్మంలోనే ఆగి, బోర్డుమీద వేలు చూపిస్తూ, "ది... వి... టీ," అని కూడబలుక్కుని చదివి, చుట్టూ చూసింది. ఎవరన్నా విన్నారా అని.

"విన్నాను దానమ్మా," అంది తెల్లచీర ఆమె నవ్వుతూ. తరువాత భావనారాయణ వైపు తిరిగి, "నమస్కారమండీ. నా పేరు మార్త. కూపన్లు ఇద్దామని వచ్చాం. పోస్టులో పంపేదాన్నే, దానమ్మ కవరు చూస్తానని పట్టుబట్టింది," అంది.

సంచిలోంచి నలభై కూపన్లు తీసి బల్లమీద పెట్టింది. నలభై మంది ఆడవాళ్ళ పేర్లు. నలభై చేతిరాతలు, వంకర్లు పోయినవి, గళ్ళు దాటిపోయినవి, ఒక అక్షరాన్ని నాలుగుసార్లు దిద్దినవి. ఎవరి కూపను వాళ్ళే రాసుకున్నారు.

"వీళ్ళందరికీ మీ పజిలే పలకా బలపమండీ," అంది మార్త. "రెండేళ్ళయింది. మధ్యాహ్నం కలుపులు అయ్యాక బళ్ళో కూర్చుంటారు. అక్షరం నేర్పితే ఎందుకమ్మా అనేవాళ్ళు. గడిలో పెట్టి నేర్పితే వదల్లేదు. ఒక్కటే చెప్పా వాళ్ళకి. మనుషులు మాట తప్పుతారు గాని అక్షరం తప్పదు, సరిగ్గా చదివితే ఒకేచోటికి తీసుకుపోతుంది అని. శాస్త్రిగారు ఏ వారమూ నా మాట పోనివ్వలేదు."

"నలభై రూపాయలు..." అని నసిగాడు భావనారాయణ.

"పిడికెడు బియ్యమయ్యా," అంది దానమ్మ. మార్త విడమరిచి చెప్పింది. వాళ్ళ చర్చి సంఘంలో ప్రతి ఇల్లాలూ వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేస్తుంది. తమ పిల్లలకు చాలకపోయినా ఆ పిడికెడు ముట్టరు. మూడేళ్ళ బియ్యం, బడికి పెంకుల కప్పు వేయడానికని, మార్త చేతికి అప్పగించారు. ఆ బియ్యం అమ్మి కూపన్లు కొన్నారు. "పందెమైతే నేను చేతులు పెట్టేదాన్ని కాదండీ. పాస్టరుగారు అడిగితే కూడా అదే చెప్పా. ఇది పందెం కాదు, చదువు. ఒక ఆధారానికి ఒకే జవాబని అచ్చులో ఉంది కదా అన్నా."

భావనారాయణ పై కూపను చూశాడు. పదిహేడు అడ్డం: చెలిమి. దాని కింద కూపనూ చెలిమి. నలభైలోనూ చెలిమే.

"ఇదొక్కటే నన్ను మూడు రోజులు తిప్పింది," అంది మార్త, అతని చూపు ఎక్కడ ఆగిందో కనిపెట్టి. "ఆధారంలో దారి కనబడలా. శాస్త్రిగారు దారి లేకుండా రాయరు, కనబడనిది నాకే అనుకున్నా. కలిమి పోతే మళ్ళీ వస్తుంది. బలిమి పోతే పక్కవాడు మోస్తాడు. పక్కవాడే పోతే ఊరుండీ లేనట్టే గదా. అట్టా వచ్చా చెలిమికి. సరేనంటారా?"

సరేనా కాదా తెలిసినవాడు ఆ ఊళ్ళో ఎవడూ లేడు. జవాబు ఇంకా పుట్టనే లేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. లోపలి గది తలుపు ఓరగా తీసి ఉంది. అందులోంచి వెంకటకృష్ణారావు గారి దగ్గు వినబడింది.

"నాకు తెలియదమ్మా. నేను ప్రూఫులు దిద్దేవాణ్ణి," అన్నాడు.

"శాస్త్రిగారిని ఒక్కసారి చూడొచ్చాండీ? దణ్ణం పెట్టి వెళ్ళిపోతాం."

"ఊళ్ళో లేరు."

మార్త నొచ్చుకోలేదు. దానమ్మను బీరువా దగ్గరకు తీసుకెళ్ళింది. ముసలమ్మ అద్దానికి ముక్కు ఆనించి కవరు మీది అక్షరాలు ఒక్కొక్కటే చదివింది. "జ... వా... బు." చదివి తృప్తిగా తల ఊపింది. వాళ్ళు వెళ్ళాక అద్దం మీద ఆమె ఊపిరి మరక కాసేపు ఉండిపోయింది. భావనారాయణ దాన్ని తుడవలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే రాఘవమ్మకు అంతా చెప్పాడు, కవర్లతో సహా. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆవిడ మాత్రం, "ఆ పిల్లల నోటి దగ్గర తీసిన బియ్యమండీ," అంది.

గడువు ముగిశాక కూపన్లు మూడు కుప్పలయ్యాయి. కలిమి కుప్ప నడుమెత్తు ఉంది. చెలిమి అందులో సగం. బలిమి రాసినవాళ్ళు ముగ్గురే ముగ్గురు. ఆ ముగ్గురిలో ఇద్దరు వేరేచోట తప్పారు. వెంకటకృష్ణారావు గారు బీరువా తాళం తీసుకుని ఒక్కరే బీరువా ఉన్న ముందు గదిలోకి వెళ్ళారు. బయటికి వచ్చేటప్పటికి కవరు ఉన్నచోటే ఉంది. అదే సైజు, అదే లక్క, అదే చేతిరాత.

ఆదివారం మధ్యాహ్నం వన్ టౌనులో సత్రం హాలు కిటకిటలాడింది. కవరు తెరిచే పని ఈసారి స్వయంగా అడ్డాల శాస్త్రిగారే చేస్తారని యజమాని ముందురోజు పోస్టర్లు వేయించారు. భావనారాయణతో చెప్పింది మాత్రం హాలు మెట్ల మీద. "జనానికి మనిషి కనబడాలండీ. కనబడితే నమ్ముతారు," అన్నారు, అతని భుజం మీద కొత్త కండువా వేస్తూ.

వేదికమీద నిలబడి భావనారాయణ హాలంతా వెతికాడు. వెతకకుండా ఉంటే బాగుండేది. ఎడమవైపు నేలమీద ఆడవాళ్ళ మధ్య మార్త, పక్కన దానమ్మ, వాళ్ళ వెనక మరో పదిమంది. మార్త అతన్ని చూసింది. చూసి, కళ్ళు చికిలించి, గుర్తుపట్టింది. ఆమె మొహం మీద చిరునవ్వు లాంటిదొకటి మొదలై మధ్యలో ఆగిపోయింది.

లక్క చిటుక్కున విరిగింది. అతను ఒక్కొక్క జవాబే చదివాడు. ప్రతిదానికీ హాల్లో ఒక మూల నిట్టూర్పు, ఒక మూల చప్పట్లు. ఎడమవైపు ఆడవాళ్ళు మాత్రం ప్రతిసారీ చప్పట్లే. పదహారు అడ్డం దాకా వాళ్ళకు ఒక్కటీ తప్పలేదు. పదిహేడు దగ్గర అతను ఆగాడు. కాగితం మీద ఏముందో విప్పకముందే తెలుసు. చెలిమి అని చదువుదామా అని ఒక్క క్షణం అనిపించింది. అలా చదివితే ముందు వరసలో కాగితం చూడటానికి కూర్చున్న పెద్దమనుషులు చూస్తారు. అదీ ఒక మోసమే. మొదట న్యాయం లేని ఆధారానికి చివర్లో ఏం చేసినా న్యాయం అతకదని అతనికి అప్పుడు తెలిసింది.

"బలిమి," అని చదివాడు.

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. ఆ గోలలో మార్త లేచి నిలబడింది. ఆమె లేచిందని కాదు, ఎంతసేపటికీ కూర్చోలేదని చూసి జనం నెమ్మదించారు.

"దారి చెప్తారాండీ?" అంది. గొంతులో కోపం లేదు. "ప్రతి వారం చెప్పేవారుగా. మావాళ్ళకి చెప్పుకోవాలి. బలిమికి ఎట్టా రావాలి?"

వందకు పైగా పజిళ్ళలో భావనారాయణ ఆ ప్రశ్నకు భయపడని మనిషి. ఇప్పుడు చేతిలోని కాగితాన్ని మడతపెట్టసాగాడు. హాలంతా అతని నోటికేసి చూస్తోంది. వెంకటకృష్ణారావు గారు చటుక్కున ముందుకొచ్చి, "దారి వచ్చే సంచికలో వేస్తామమ్మా. కూర్చోండి," అన్నారు. మార్త కూర్చోలేదు. సంచి చంకన పెట్టుకుని, దానమ్మ చెయ్యి పట్టుకుని, జనం మధ్యనుంచి దారి చేసుకుని వెళ్ళిపోయింది.

బుధవారం ఆమె కార్డు వచ్చింది. అతను దాన్ని వసారాలో రాఘవమ్మకు చదివి వినిపించాడు.

'శాస్త్రిగారికి మార్త నమస్కారాలు. ఆ రోజు ఆఫీసులో ఉన్నది మీరేనని తెలియక దణ్ణం పెట్టకుండా వచ్చేశాను. తప్పు మన్నించండి. బియ్యం పోయినందుకు మావాళ్ళు ఏడ్చారు. అక్షరమే అబద్ధమని పలకలు పగలగొట్టబోయారు. అందుకని జవాబు సరైనదేనని, నాకే చదవడం సరిగా రాక తప్పు చెప్పానని వాళ్ళతో అన్నాను. పలకలు దక్కాయి. కాని చదవడం రాని టీచరు దగ్గరికి ఎవరు వస్తారు? బడికి రావడం మానేశారు. బియ్యం కుండ పాస్టరుగారు వేరేవాళ్ళకు అప్పగించారు. పత్రిక తెప్పించడం కూడా మానేశాను. నేను ఎక్కడ తప్పానో నాకైనా తెలియాలి. దారి కార్డు మీద రాసి పంపితే చాలు.'

"ఇంకోసారి చదవండి," అంది రాఘవమ్మ. అతను చదవలేకపోయాడు. కళ్ళజోడు తీసి ధోవతి చెంగుతో ముఖం తుడుచుకున్నాడు.

మర్నాడు యజమాని గుమ్మం దగ్గర ఆగి, "ఆ బలిమికి ఏదో ఒక దారి రాసి పడెయ్యండి. మీకు దొరక్కపోతుందా?" అన్నారు. భావనారాయణ కాగితం ముందు పెట్టుకుని ప్రయత్నించాడు. దొరికింది. నాలుగు వాక్యాల్లో బలిమికి చక్కటి దారి తయారైంది. అదే కలంతో కలిమికి రాసి చూశాడు, అదీ తయారైంది. చెలిమికీ అంతే. మూడూ చదువుకుంటే మూడూ నిజంలాగే ఉన్నాయి. తన చేతికి ఆ పని కూడా వచ్చునని తెలిసి అతను కలం కింద పెట్టాడు. ఇవాళ ఒకటి రాస్తే రేపటినుంచి ఏదైనా రాయగలడు.

మూడు కాగితాలూ చించి నాలుగోది రాశాడు. రాసిందాన్ని సాయంత్రం, ఎప్పటిలాగే, రాఘవమ్మకు చదివి వినిపించాడు.

'పదిహేడు అడ్డం. దీనికి దారి లేదు. మూడు జవాబులతో మూడు కవర్లు రాసి ఉంచి, తక్కువమంది రాసిన జవాబున్న కవరు తెరిచాము. మూడు కవర్లూ రాసింది నేనే. చదివినవాళ్ళెవరూ తప్పు చదవలేదు. తప్పు రాసింది నేను. అడ్డాల శాస్త్రి అనే మంగళగిరి భావనారాయణ.'

రాఘవమ్మ రాట్నం తిప్పుతూనే వింది. "దీనికి ఒకటే జవాబు," అంది. మళ్ళీ తనే, "మంగళగిరి వెళ్ళిపోదాం లెండి. మగ్గం మగ్గం చోటే ఉంది," అంది. నూలు లేదని ఇద్దరికీ తెలుసు.

దివిటీలో ప్రూఫు దిద్దినవాడి తరువాత పేజీ చూసేవాడు లేడు. శనివారం పొద్దున్నే చివరి పేజీ సీసపు అక్షరాలతో మిషనెక్కింది. బసవయ్యకు తలకిందులు అక్షరాలు చదవడం అలవాటు. ఆ పేజీ మీద అతని చెయ్యి ఆగింది.

"అయ్యగారు చూశారా ఇది?"

"లేదు."

బసవయ్య పేజీ వంక మళ్ళీ చూశాడు. తరువాత తలగుడ్డ బిగించుకుని, "నేనూ చూళ్ళేదు లెండి," అని మిషన్ తొక్కడం మొదలుపెట్టాడు.

మొదటి కాపీ తడి ఆరకముందే మడిచి జేబులో పెట్టుకుని భావనారాయణ మైలవరం వెళ్ళే, బొగ్గుతో నడిచే బస్సెక్కాడు. ఊరంతా చదివే పేజీ అది. ఎవరు చదవాలో వాళ్ళొక్కరే పత్రిక మానేశారు. బస్సు ఎత్తులు రాగానే ఆగి పొగ కక్కుకుంటూ నడిచింది. ఆగినప్పుడల్లా అతను వెనక్కి తిరిగి చూశాడు. ఈపాటికి కాపీలు బజారుకు చేరి ఉంటాయి. యజమాని కాఫీ తాగుతూ పత్రిక విప్పి ఉంటారు. కూపన్లు కట్టిన జనమంతా ఆఫీసు గుమ్మం ముందుకు చేరి, దొంగ చేతిరాత ఎవరిదని అడుగుతూ ఉంటారు.

పల్లెలో బడి వసారా ఖాళీగా ఉంది. తాటాకు కప్పు ఒక పక్క కుంగిపోయింది. గోడవారగా పలకలు దొంతరపేర్చి ఉన్నాయి. మార్త ఒక్కతే కూర్చుని ఏదో కుడుతోంది. అతన్ని చూసి లేచి నిలబడి దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం భావనారాయణ తట్టుకోలేకపోయాడు. పత్రిక తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె చదివింది. రెండోసారి చదివింది.

"నన్నేం చెయ్యమంటారు?"

"వాళ్ళందరికీ చదివి వినిపించమ్మా. నువ్వు తప్పు చదవలేదని తెలియాలి."

"నేను చదివితే ఎవరు నమ్ముతారండీ?" అంది మార్త. అప్పుడు వచ్చింది ఆమె గొంతులోకి కోపం. "చదవడం రాదని నా నోటితో నేనే చెప్పుకున్నా. ఇప్పుడు తప్పు నాది కాదంట అని నేనే చదివితే నవ్వరూ? మీరు చదివినా అంతే. మీ నోటినుంచి ఒకసారి విన్నారుగా."

పట్నం మనిషి వచ్చాడని తెలిసి ఒకరొకరే ఆడవాళ్ళు వచ్చి వసారా బయట ఎండలోనే నిలబడ్డారు. ఎవరూ లోపలికి రాలేదు. సత్రంలో కాగితం చదివిన మనిషి ఇతనేనని ఎవరో అన్నారు. పొలం పట్టున ఉన్న మగవాళ్ళు ఇద్దరు ముగ్గురు కొడవళ్ళు చేతబట్టుకునే వచ్చి వెనక నిలబడ్డారు.

దానమ్మ అందరినీ తోసుకుని ముందుకొచ్చింది. మార్త చేతిలో పత్రిక చూసింది. "ఇట్టా తే," అని చెయ్యి చాపింది. "నాకొచ్చినంత నేను చదువుతా."

వసారా మెట్టుమీద కూర్చుని ఒళ్ళో పత్రిక పరుచుకుని, మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. "ప... ది... హే... డు." ఒక్కొక్క అక్షరం దగ్గరా ఆగుతోంది. ఒత్తు వచ్చినచోట వెనక్కి వెళ్ళి మళ్ళీ పలుకుతోంది. మార్త అందించబోయి ఊరుకుంది. "దా... రి... లే... దు." ఎండలో నిలబడ్డవాళ్ళు కదల్లేదు. "మూ... డు... క... వ... ర్లు." ఒక ఆడమనిషి ఇంకొక ఆడమనిషి చెయ్యి పట్టుకుంది. వెనక మగవాళ్ళలో ఒకడు కొడవలి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

భావనారాయణ కండువా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. బస్సు తిరిగి వెళ్ళిపోయిన చప్పుడు దూరంగా వినిపించింది. దానమ్మ తొందరపడలేదు. ఆమె వేలు ఒక్కొక్క గింజా ఏరుతున్నట్టు వరస వెంట నడుస్తోంది. ఇంకా రెండు వరసలు దాటితే అతని పేరు వస్తుంది.